సీవర్డ్‌లో ఒకే రోజు చేపల వేట, గ్లేషియర్ విహారం: బుకింగ్ దగ్గర్నుంచి ఫ్రీజర్ దాకా

ఏటా ఫిబ్రవరి దాటగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "ఈసారి అమ్మావాళ్ళు వస్తున్నారు, అలాస్కా వెళ్దామనుకుంటున్నాం. ఒకే బోటులో చేపలూ పట్టించి గ్లేషియరూ చూపిస్తారటగా, ఎలా బుక్ చేసుకోవాలి?" డాలస్ నుంచి ఒకరు, ఎడిసన్ నుంచి ఒకరు. ప్రతివాళ్ళకీ విడివిడిగా చెప్పేకంటే ఒకసారి వరసగా రాసిపెడితే నయమని కూర్చున్నాను.

ఇందులో ఉన్నదంతా సీవర్డ్ గురించి. యాంకరేజ్‌కి దక్షిణాన సుమారు 125 మైళ్ళ దూరంలో, రిజరెక్షన్ బే అనే అఖాతం ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఆ రేవు దాటి బయటికి వెళ్తే కీనై ఫియోర్డ్స్ నేషనల్ పార్కు తీరం. హార్డింగ్ ఐస్‌ఫీల్డ్ అనే పెద్ద మంచు మైదానం నుంచి దిగివచ్చిన గ్లేషియర్లలో, అంటే మంచు నదుల్లో, కొన్ని నేరుగా సముద్రంలోకే వచ్చి ఆగుతాయి. ఆ దారిలోని నీళ్ళలోనే హాలిబట్, సిల్వర్ సాల్మన్, రాక్‌ఫిష్, లింగ్‌కాడ్ అనే చేపలు దొరుకుతాయి. రెండు పనులూ ఒకే రోజున కుదిరేది అందుకే.

1. ముందు గంటల లెక్క వేసుకోండి

ఈ ట్రిప్పులో మీరు డబ్బు పెట్టి కొనుక్కునేది గంటలు. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతా నిర్ణయాలన్నీ తేలికవుతాయి.

ఆయాలిక్ గ్లేషియర్ దాకా వెళ్ళి, జంతువులు కనిపించిన చోటల్లా ఆగుతూ తిరిగి రావాలంటే పోనూ రానూ వంద మైళ్ళ పైమాటే. పది పన్నెండు గంటల ట్రిప్పయితే లెక్క దాదాపు ఇలా ఉంటుంది:

- ప్రయాణానికే 4 నుంచి 5 గంటలు
- గ్లేషియర్ ముందు అరగంట నుంచి ముప్పావుగంట
- తిమింగలాలు, పక్షులు, సీ లయన్ల దగ్గర ఆగడాలకి గంట, గంటన్నర
- గాలం నీళ్ళలో ఉండేది 3 నుంచి 4 గంటలు

ఆరు గంటల్లో రెండూ చేయిస్తామని ఎవరైనా చెబితే, ఆ రెండింటిలో ఒకటి పేరుకే ఉంటుందని అర్థం. రిజరెక్షన్ బే లోపలే తిరిగే సగం రోజు ట్రిప్పుల్లో సముద్రంలోకి దిగే గ్లేషియర్ కనిపించదు. కొండల మీద వేలాడే మంచు కనిపిస్తుంది, బే చివరిదాకా వెళ్తే బేర్ గ్లేషియర్ దూరం నుంచి తెల్లగా పరుచుకుని కనిపిస్తుంది, అంతే.

నా మొదటి ట్రిప్పు అలాంటిదే. రెండు సాల్మన్లు పడ్డాయి, నీటికుక్కలు కనిపించాయి, సంతోషంగానే వెనక్కి తిరిగాం. రేవులో దిగాక మా అమ్మ శాలువా సర్దుకుంటూ "మరి ఆ ఐసు గోడ ఎక్కడరా?" అంది. బుకింగ్ కాగితం మళ్ళీ చదివితే అందులో గ్లేషియర్ అన్న మాట ఉంది, ఏ గ్లేషియరో మాత్రం లేదు. ఆ తప్పు మీరు చెయ్యకండి.

ఇంకో మాట. మీ ఇంట్లో వేటంటే ప్రాణమిచ్చేవాళ్ళు, ఫ్రీజర్ నిండా చేప తెచ్చుకోవాలన్న పట్టుదల ఉన్నవాళ్ళు ఉంటే కలిపిన ట్రిప్పు వద్దు. ఒక రోజు పూర్తిగా వేటకి, ఇంకో రోజు పెద్ద బోటులో గ్లేషియర్‌కి కేటాయించండి. సగంమంది పట్టేవాళ్ళు, సగంమంది చూసేవాళ్ళు ఉన్న కుటుంబానికి, చేతిలో ఒక్కరోజే ఉన్నవాళ్ళకి మాత్రం కలిపిన ట్రిప్పును మించింది లేదు.

2. ఏ రేవు, ఏ నెల

హాలిబట్ అనగానే చాలామంది హోమర్‌లో బుక్ చేసేస్తారు. హాలిబట్‌కి అది మంచి ఊరే. కానీ సముద్రంలోకి విరిగిపడే గ్లేషియర్లు ఆ రేవు నుంచి ఒకరోజు వేటకి కలిసొచ్చే దూరంలో లేవు. రెండూ కావాలంటే సీవర్డ్, లేదా విట్టియర్.

సముద్రం అస్సలు పడని పెద్దవాళ్ళు వెంట ఉంటే విట్టియర్ వైపు ఆలోచించండి. అక్కడి ప్రిన్స్ విలియం సౌండ్ అనే సముద్రపు పాయకి చుట్టూ దీవుల అడ్డు ఉండడంతో నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి. ఆ ఊరికి వెళ్ళాలంటే రెండున్నర మైళ్ళ ఒంటిదారి సొరంగం దాటాలి. రైలూ కార్లూ అందులోంచే వెళ్తాయి, ఒక్కో దిక్కుకీ ఒక్కో సమయం ఉంటుంది. ఆ వేళలు చూసుకోకుండా బయలుదేరితే బోటు తప్పిపోతుంది.

ఇక సీవర్డ్‌లో నెలల సంగతి:

- మే రెండో సగం, జూన్: హాలిబట్ మొదలవుతుంది, ఓర్కాలు (కిల్లర్ వేల్స్) బాగా కనిపిస్తాయి. జూన్‌లో గ్లేషియర్ ముందు మంచు పలకల మీద సీల్ పిల్లలుంటాయి.
- జూలై 1 నుంచి: లింగ్‌కాడ్ పట్టడానికి అనుమతి. రిజరెక్షన్ బే లోపల మాత్రం దాన్ని పట్టకూడదు.
- జూలై మధ్య నుంచి ఆగస్టు చివరిదాకా: సిల్వర్ సాల్మన్ జోరు.
- సెప్టెంబరు: సాల్మన్ ఇంకా ఉంటాయి కానీ తుఫాన్లు పెరుగుతాయి, రద్దయ్యే ట్రిప్పులు ఎక్కువ.

నన్నడిగితే జూలై మూడో వారం నుంచి ఆగస్టు రెండో వారం వరకు. హాలిబట్, లింగ్‌కాడ్, సిల్వర్లు మూడూ ఉంటాయి, చిజ్వెల్ దీవుల్లో పఫిన్ పక్షులు ఇంకా గూళ్ళు వదిలి వెళ్ళవు. జూలై నాలుగు సెలవుల్లో వెళ్తే గదుల ధర మండుతుంది, సిల్వర్లు ఇంకా సరిగ్గా రావు.

3. డబ్బు కట్టే ముందు అడగాల్సిన ప్రశ్నలు

సీవర్డ్‌లో చిన్న చార్టర్ బోట్లలో (కెప్టెన్‌తో సహా అద్దెకిచ్చేవి) చాలావాటికి ఆరుగురు ప్రయాణికులే పరిమితి. మన రెండు కుటుంబాలు కలిస్తే బోటు మొత్తం తీసుకోవచ్చు. అప్పుడు ఎక్కడ ఎంతసేపు ఆగాలో మన మాట చెల్లుతుంది. విడి సీట్లు కొంటే మిగతావాళ్ళు వేట మనుషులైనప్పుడు గ్లేషియర్ దగ్గర పది నిమిషాలకే "ఇక వెళ్దాం" అంటారు.

ఫోన్ చేసే అడగండి. కెప్టెన్ గొంతు వింటే సగం విషయం తెలిసిపోతుంది.

- మొత్తం ఎన్ని గంటలు? అందులో గాలం నీళ్ళలో ఉండేది ఎంతసేపు?
- ఏ గ్లేషియర్? ఆయాలిక్, హోల్గేట్, నార్త్‌వెస్టర్న్‌లలో ఏదో పేరు చెప్పమనండి.
- మేం వెళ్ళే తేదీన హాలిబట్ పట్టొచ్చా?
- వేడి క్యాబిన్ ఉందా? టాయిలెట్ తలుపు వేసుకునేలా ఉంటుందా?
- గాలం పట్టని వాళ్ళకి రేటు తగ్గిస్తారా?
- చేప కోసి ఫిల్లెట్ (ముల్లు లేని కండ ముక్క) చేయడం రేటులో కలిసిందా?
- అలల వల్ల మీరే రద్దు చేస్తే డబ్బు వాపసు ఇస్తారా, వేరే తేదీ ఇస్తారా?
- గ్లేషియర్ దాకా వెళ్ళలేకపోతే ఆ సమయంలో ఏం చేస్తారు?

ఆఖరి ప్రశ్నకి "అది ఆ రోజు సముద్రం చెప్తుంది" అని నిజాయితీగా చెప్పే కెప్టెన్‌నే నేను ఎంచుకుంటాను. అన్నీ తప్పకుండా చూపిస్తానని హామీ ఇచ్చేవాళ్ళ దగ్గర జాగ్రత్త.

రోజంతా తిరిగే ట్రిప్పుకి మనిషికి 400 డాలర్లు, ఆ పైనే అనుకుని బయలుదేరండి. దాని మీద పన్ను, 15 నుంచి 20 శాతం టిప్పు, లైసెన్సు, చేప ప్యాకింగ్ విడిగా లెక్క వేసుకోండి. టిప్పు ముఖ్యంగా డెక్‌హ్యాండ్ కష్టానికి. ఎర గుచ్చేది, చిక్కులు విప్పేది, చేప కోసేది అన్నీ ఆ మనిషే.

4. లైసెన్సు, నియమాలు

అలాస్కా బయటివాళ్ళకి 16 ఏళ్ళు నిండితే స్పోర్ట్ ఫిషింగ్ లైసెన్సు తప్పనిసరి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు గాలం పట్టుకున్నా కావాలి. ఊరికే కూర్చుని చూసేవాళ్ళకి అక్కర్లేదు. "ఒక్క నిమిషం పట్టుకోండి నాన్నా, ఫొటో తీస్తా" అనే సరదా మాత్రం వద్దు. లైసెన్సు లేని చేతిలో గాలం పెట్టడానికి కెప్టెన్ ఒప్పుకోడు, ఒప్పుకుంటే అతనితో పాటు మీరూ చిక్కుల్లో పడతారు.

బయటివాళ్ళకి ఒకరోజు లైసెన్సు 15 డాలర్లు, మూడురోజులది 30. అలాస్కా ఫిష్ అండ్ గేమ్ శాఖ సైటులో కొనుక్కుని ఫోన్లో పెట్టుకోవచ్చు. రేవులో సిగ్నల్ మీద ఆధారపడకుండా కాగితం కూడా ఒకటి ఉంచుకోండి. కొన్ని జాతులు పట్టిన వెంటనే లైసెన్సు మీద నమోదు చెయ్యాలి, అందుకని జేబులో పెన్ను ఉండాలి. కింగ్ సాల్మన్‌కి వేరే స్టాంపు కావాలి. కెప్టెన్ అవసరమంటేనే కొనండి.

హాలిబట్ నియమాలు మాత్రం ఏటా మారతాయి. సీవర్డ్ ఉన్న ప్రాంతాన్ని ఏరియా 3ఏ అంటారు. ఎన్ని పట్టొచ్చు, రెండో చేప ఎంత పొడవు మించకూడదు, వారంలో ఏ రోజు చార్టర్ బోట్లకి హాలిబట్ నిషేధం అన్నవి ప్రతి వసంతంలో ప్రకటిస్తారు. కొన్నేళ్ళుగా బుధవారాలు మూసి ఉంటున్నాయి, కొన్ని మంగళవారాలు కూడా. పోయినేడాది వెళ్ళొచ్చిన మిత్రుడి మాట పట్టుకుని బుధవారం బుక్ చేసుకుంటే హాలిబట్ లేకుండానే తిరిగి రావాల్సి ఉంటుంది.

లింగ్‌కాడ్ తలతో సహా 35 అంగుళాలుంటేనే ఉంచుకోవాలి, లేదంటే వదిలెయ్యాలి. ఆగస్టులో సీవర్డ్‌లో సిల్వర్ సాల్మన్ డెర్బీ జరుగుతుంది. ఆ రోజుల్లో వెళ్తే పోటీ టికెట్ పొద్దున్నే, గాలం వెయ్యకముందే కొనాలి. చేప పడ్డాక కొంటే చెల్లదు.

5. కడుపులో తిప్పకుండా

అన్నిటికంటే ఎక్కువసేపు చదవాల్సిన భాగం ఇది. ట్రిప్పు పాడైందని నాతో చెప్పినవాళ్ళలో చేప పడలేదన్నవాళ్ళు తక్కువ. డోకులతో పది గంటలు బోటు అడుగున పడుకున్నవాళ్ళే ఎక్కువ.

రిజరెక్షన్ బే లోపల నీళ్ళు చెరువులా ఉంటాయి. కేప్ ఆయాలిక్ వైపు తిరిగి బయటి సముద్రంలో పడగానే గల్ఫ్ ఆఫ్ అలాస్కా అలలు మొదలవుతాయి. ఫియోర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ) లోపలికి వెళ్ళాక మళ్ళీ ప్రశాంతం. అసలు చిక్కు ఆ మధ్యలోనే. పైగా హాలిబట్ కోసం బోటు ఆపి గాలం వేసినప్పుడు, కదిలే బోటు కంటే ఆగిన బోటే ఎక్కువ ఊగుతుంది. దారిలో బాగానే ఉన్నవాళ్ళు గాలం వేసిన పావుగంటకి ముఖం పాలిపోయి కూర్చోవడం అందుకే.

మందు విషయంలో అందరూ చేసే తప్పు ఒక్కటే: తిప్పడం మొదలయ్యాక మింగడం. అప్పుడు మింగిన మాత్ర కడుపులో నిలవదు.

- మెక్లిజిన్ మాత్ర: ముందు రాత్రి ఒకటి, బోటు ఎక్కడానికి గంట ముందు ఇంకొకటి. అమెరికాలో మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతుంది.
- స్కోపలమిన్ ప్యాచ్: చెవి వెనక అంటించుకోవాలి, కనీసం నాలుగు గంటల ముందు. డాక్టరు రాసివ్వాలి. గ్లాకోమా ఉన్నవాళ్ళకి పనికిరాదు, పెద్దవాళ్ళకి తికమక, నోరెండడం రావచ్చు.
- బీపీ, ప్రోస్టేట్, నిద్ర మందులు వాడే పెద్దవాళ్ళయితే ఏ మాత్రైనా ముందే వాళ్ళ డాక్టర్ని అడగండి.
- కొత్త మందుని బోటు మీద మొదటిసారి వాడకండి. ఇంటి దగ్గర ఒకరోజు వేసి చూడండి. కొందరికి విపరీతమైన మత్తు వస్తుంది.

తిండి సంగతి. ముందు రాత్రి బిర్యానీ, మందు పార్టీ రెండూ వద్దు. అలాగని పొద్దున ఖాళీ కడుపుతో ఎక్కితే ఇంకా తిప్పుతుంది. రెండు బ్రెడ్ ముక్కలు, లేదా చట్నీ లేకుండా రెండు ఇడ్లీలు చాలు. బోటులోకి ఉప్పు బిస్కెట్లు, అల్లం మురబ్బా, చపాతీ రోల్స్ పట్టుకెళ్ళండి. పులిహోర కూడా బాగుంటుంది, నూనె తక్కువ వేసి కలపండి. ఘాటుగా వాసనొచ్చే కూరల డబ్బా మాత్రం ఆ ఇరుకు క్యాబిన్‌లో తెరవకండి, పక్కవాళ్ళకీ తిప్పుతుంది.

అరటిపళ్ళు తీసుకెళ్ళకండి. వేట బోటులో అరటిపండు ఉంటే చేప పడదని అక్కడి కెప్టెన్ల గట్టి నమ్మకం. మనం కొత్త బండికి నిమ్మకాయ తొక్కించమా? వాళ్ళ పడవ, వాళ్ళ నమ్మకం. గౌరవిద్దాం.

తిప్పుతున్నట్టు అనిపించగానే ఇలా చెయ్యండి:

1. ఫోను జేబులో పెట్టెయ్యండి.
2. క్యాబిన్ లోంచి బయటికి, డీజిల్ పొగ రాని వైపుకి రండి.
3. బోటు మధ్యభాగానికి దగ్గరగా నిలబడి దూరపు కొండని చూస్తూ ఉండండి.
4. వచ్చేస్తుందనిపిస్తే టాయిలెట్‌లోకి పరిగెత్తొద్దు, అక్కడ ఇంకా ఎక్కువవుతుంది. గాలి ఎటు వీస్తోందో చూసి అటువైపు అంచు నుంచి వంగండి. డెక్‌హ్యాండ్‌కి ముందే చెప్తే పట్టుకుంటాడు.

6. ఒంటి మీద ఏముండాలి

నడివేసవిలో కూడా పగటి వేడి 10 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ మధ్యే. గ్లేషియర్ ముందుకి వెళ్ళాక మంచు మీద నుంచి జారి వచ్చే గాలి నేరుగా ముఖానికి కొడుతుంది. దానికి వాన తోడు.

జీన్స్ వేసుకురావద్దు. తడిస్తే ఆ రోజుకి ఇక ఆరదు. నూలు బనీన్లు కూడా అంతే.

- ఒంటికి అంటుకుని ఉండే థర్మల్, దాని మీద ఫ్లీస్, పైన నిజంగా నీళ్ళు ఆపే జాకెట్టు, ప్యాంటు
- ఉన్ని టోపీ, రెండు జతల చేతి తొడుగులు
- రబ్బరు బూట్లు, లేదా తడవని, జారని బూట్లు
- చల్లద్దాలు, సన్‌స్క్రీన్
- 7 లేదా 8 రెట్ల బైనాక్యులర్. 10 దాటితే ఊగే బోటులో బొమ్మ నిలవదు.
- ఫోను కోసం నీళ్ళు చొరబడని సంచి, పవర్ బ్యాంకు
- లైసెన్సు, పెన్ను, మందులు, టిప్పు కోసం నగదు

అమ్మావాళ్ళకి చీర మీద స్వెటర్ సరిపోదు. థర్మల్ మీద ప్యాంటు వేసుకోమని ముందే ఒప్పించండి. వానకోటు, బూట్లు కొన్ని బోట్లలో ఇస్తారు, అడిగి చూడండి. 13 ఏళ్ళలోపు పిల్లలు డెక్ మీద ఉన్నంతసేపూ లైఫ్ జాకెట్ వేసుకోవాలి. అది చట్టం.

7. ముందు రోజు

సీవర్డ్‌లోనే రాత్రి బస చెయ్యండి. యాంకరేజ్ నుంచి కారులో రెండున్నర గంటలు. బోట్లు ఆరు, ఏడింటికల్లా కదులుతాయి. ఉన్నది ఒక్కటే రోడ్డు, ఎక్కడ ప్రమాదం జరిగినా గంటల తరబడి ఆగిపోతుంది. పొద్దున యాంకరేజ్ నుంచి వచ్చే రైలు అందమైనదే కానీ సీవర్డ్ చేరేసరికి 11 దాటుతుంది. చార్టర్‌కి అది పనికిరాదు, ముందు రోజు దాన్లో రండి.

- సాయంత్రం రేవుకి నడిచివెళ్ళి మీ బోటు ఏ ఫ్లోటు (నీళ్ళ మీద తేలే చెక్క వేదిక) దగ్గర ఉందో చూసుకోండి. పాటు వేళ ర్యాంపు నిటారుగా ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి చేయి అందించాలి.
- నేషనల్ వెదర్ సర్వీస్ సముద్ర వాతావరణం చూడండి. రిజరెక్షన్ బే అంచనా చూసి ధీమా పడొద్దు, బయటి తీరం అంచనా కూడా చూడండి. అలలు 3, 4 అడుగులంటే ఫరవాలేదు. 6 దాటితే కెప్టెన్‌తో మాట్లాడండి.
- రాత్రి మాత్ర వేసుకుని తొందరగా పడుకోండి. జూన్, జూలైల్లో రాత్రి 11 అయినా వెలుతురు పోదు, కిటికీకి దుప్పటి కట్టుకోండి.

8. వేట: గాలం చేతికొచ్చాక

ముందు వేటా, ముందు గ్లేషియరా? నిర్ణయం కెప్టెన్‌దే. మన కాకినాడ సరంగులాగే ఆయన కూడా గాలినీ పోటుపాట్లనీ చూసి చెప్తాడు. సాధారణంగా పొద్దున గాలి తక్కువ కాబట్టి బయటి సముద్రంలో వేట ముగించి, మధ్యాహ్నం గాలి లేచేసరికి ఫియోర్డ్ లోపలికి చేరతారు. పోటు, పాటు మారే నిలకడ వేళలో హాలిబట్ బాగా పడుతుంది. ఆ వేళ మధ్యాహ్నం వస్తే వరస తిరగబడుతుంది. మీ ఇష్టం చెప్పండి, ఒత్తిడి మాత్రం చెయ్యొద్దు.

హాలిబట్ పట్టే పద్ధతి:

1. రీలు (దారం చుట్టి ఉండే చక్రం) వదిలేటప్పుడు బొటనవేలు దాని మీద మెత్తగా ఆన్చి ఉంచండి. ఎత్తేస్తే దారం పిచ్చుకగూడైపోతుంది.
2. సీసపు గుండు అడుగుకి తగలగానే దారం వదులవుతుంది. వెంటనే రీలు బిగించి రెండు చుట్లు పైకి లాగండి.
3. దారం నిటారుగా ఉందో లేదో గమనించండి. పక్కకి వాలిపోతుంటే గుండు బరువు చాలట్లేదని అర్థం, డెక్‌హ్యాండ్‌కి చెప్పండి. చెప్పకపోతే పక్కవాళ్ళ దారంతో చిక్కు పడుతుంది.
4. టక్ టక్ మని కొరుకుతున్నప్పుడు ఏమీ చెయ్యొద్దు.
5. రాడ్ (గాలం కర్ర) వంగి, వంగినట్టే ఉండిపోయాక నెమ్మదిగా, ఆపకుండా రీలు తిప్పండి.
6. చేప కనిపించగానే ఆపండి. తలని నీళ్ళలోంచి పైకి లాగకూడదు.

నాలుగు, ఐదు దగ్గరే మనవాళ్ళు ఎక్కువగా పోగొట్టుకుంటారు. గోదావరి కాలవల్లో గాలం వేసిన అలవాటుకి, చేప తగలగానే చెయ్యి ఠపీమని పైకి లేస్తుంది. ఇక్కడ వాడేది గుండ్రంగా లోపలికి తిరిగిన సర్కిల్ హుక్. గుంజితే ఎరతో సహా నోట్లోంచి జారి వచ్చేస్తుంది. చేప తనంతట తాను తిరిగి వెళ్ళేటప్పుడు మూతి అంచున గుచ్చుకునేలా చేసిన గాలమిది. మా బాబాయి తణుకు మనిషి, చిన్నప్పటి నుంచీ గాలం తెలిసినవాడు, వరసగా మూడు హాలిబట్లు ఇలాగే వదులుకున్నాడు. నాలుగోసారి రాడ్‌ని రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని పదిదాకా లెక్కపెట్టాడు. అది పడింది.

హాలిబట్ వెలుతురు చూడగానే మళ్ళీ అడుక్కి దూకుతుంది. పెద్దదైతే ఈటెతో పొడిచి, కదలకుండా చేశాకే బోటులోకి లాగుతారు. ఆ సమయంలో పిల్లల్ని దూరంగా ఉంచండి. పెద్ద హాలిబట్ తోక దెబ్బకి కాలు విరగొచ్చు.

సిల్వర్ సాల్మన్ పద్ధతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. పై నీళ్ళలోనే తిరుగుతుంది. తగలగానే చాలాసార్లు బోటు వైపే పరిగెత్తుకొస్తుంది, దారం వదులైపోతుంది, పోయిందనుకుని మనం ఆపేస్తాం. ఆపకండి. ఎంత వేగంగా తిప్పగలిగితే అంత వేగంగా తిప్పండి. వల పట్టుకున్న మనిషి చెప్పినట్టు నాలుగడుగులు వెనక్కి వెయ్యండి.

లోతు నుంచి వచ్చిన రాక్‌ఫిష్‌కి కళ్ళు, పొట్ట ఉబ్బిపోతాయి. దాన్ని ఊరికే నీళ్ళలో పడేస్తే తేలుతూ చచ్చిపోతుంది. తిరిగి లోతుకి దింపి వదిలే పరికరం ప్రతి బోటులో ఉండాలని అలాస్కా నియమం. మనకి పరిమితి దాటిన చేపని అలా దింపుతుంటే ఒక్క నిమిషం ఓపిక పట్టండి.

కెప్టెన్ "లైన్స్ అప్" (గాలాలు పైకి తియ్యండి) అనగానే అందరూ రీలు చుట్టెయ్యాలి. ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ పది నిమిషాలు గుంజుకుంటే అవి గ్లేషియర్ గంటల్లోంచే పోతాయి.

9. గ్లేషియర్ ముందు

ఫియోర్డ్‌లోకి తిరిగాక నీళ్ళ రంగు మారుతుంది, పాల మీగడ కలిసినట్టు. తర్వాత మంచు ముక్కలు బోటు అడుగుకి డబ్ డబ్ మని తగులుతాయి. కెప్టెన్ వేగం తగ్గిస్తాడు. అది మామూలే, కంగారు పడక్కర్లేదు.

విరిగిపడే మంచుతో పెద్ద అలలు లేస్తాయి కనుక బోటు గోడకి దూరంగానే ఆగుతుంది. ఇంకా దగ్గరికి తీసుకెళ్ళమని అడగొద్దు. ఇంజన్ ఆపేస్తాడు. మీరూ మాట్లాడడం ఆపండి.

ఫొటోలు తీసేవాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతొకటి. అరమైలు దూరం నుంచి శబ్దం చేరడానికి రెండు సెకన్ల పైన పడుతుంది. ఉరిమినట్టు వినిపించాక ఫోన్ ఎత్తితే అప్పటికే పడిపోయి ఉంటుంది. చిన్న చిన్న ముక్కలు ఎక్కడ రాలుతున్నాయో చూడండి. పెద్దది తరచూ ఆ పక్కనే పడుతుంది. వీడియో పెట్టి అటే ఉంచండి, కళ్ళతో మిగతా గోడంతా చూడండి.

జంతువుల దగ్గర పాటించాల్సినవి:

- తిమింగలానికి బోటు 100 గజాల లోపుకి వెళ్ళకూడదు. అదే మన వైపు వస్తే కెప్టెన్ ఇంజన్ సంగతి చూసుకుంటాడు.
- మంచు పలకల మీద పిల్లలతో ఉన్న సీల్‌లు బెదిరి నీళ్ళలోకి దూకితే పిల్లలు తల్లికి దూరమైపోతాయి. కేకలు, ఈలలు వద్దు.
- దేనికీ ఏ తిండీ విసరకూడదు.

ఏది ఎక్కడ కనిపిస్తుందంటే: రేవు దాటగానే వెల్లకిలా తేలే నీటికుక్కలు, బే బయటి రాళ్ళ మీద స్టెల్లర్ సీ లయన్లు, చిజ్వెల్ దీవుల్లో పఫిన్లు, ఎక్కడైనా హంప్‌బ్యాక్ తిమింగలాలు. బోటు ముందు నలుపు తెలుపు మెరుపుల్లా పరిగెత్తేవి డాల్ఫిన్ల లాంటి డాల్ పార్పాయిస్‌లు. వాటిని ఓర్కా పిల్లలనుకునేవాళ్ళు చాలామంది.

10. రేవుకొచ్చాక: చేప మీ ఇంటిదాకా

డెక్‌హ్యాండ్ కత్తి పట్టుకోకముందే చెప్పాలి. అక్కడివాళ్ళు ఫిల్లెట్ తీసి తల, ముల్లు పడేస్తారు. మనకి పులుసుకి తల కావాలి. "సాల్మన్ తలలు ఉంచండి, హాలిబట్ బుగ్గలు కోసివ్వండి" అని అడగండి, ఆనందంగా ఇస్తారు. హాలిబట్ బుగ్గలు ఆ చేపలోకెల్లా రుచైన భాగం. సాల్మన్‌లో ఒకటి ముల్లుతో సహా అడ్డముక్కలు కోయమంటే పులుసులో విరిగిపోకుండా నిలుస్తాయి.

హాలిబట్ బరువులో ఫిల్లెట్‌గా మిగిలేది సగం, కాస్త అటూఇటూ. 20 పౌన్లది పడితే ఇంటికొచ్చేది పది పౌన్ల ప్రాంతంలో.

1. ఒక పూటకి సరిపడా పచ్చిది వేరే తీసుకోండి, ఆ రాత్రికి బసలోనే వండుకోవడానికి.
2. మిగతాది రేవు దగ్గరి ప్యాకింగ్ షాపుకి ఇవ్వండి. పౌనుకింత అని తీసుకుని వాక్యూమ్ చేసి గడ్డకట్టిస్తారు. ఒక్కో ప్యాకెట్‌లో మీ ఇంటి ఒక పూట కూరకి సరిపడా పెట్టమని చెప్పండి.
3. ప్యాకెట్ మీద చేప పేరు, తేదీ రాయించండి. గడ్డకట్టాక లింగ్‌కాడ్, రాక్‌ఫిష్ ఒకేలా ఉంటాయి.
4. గడ్డకట్టడానికి దాదాపు ఒక రోజు కావాలి. వేట రోజు రాత్రికే విమానం పెట్టుకోకండి.
5. ఇన్సులేటెడ్ పెట్టెలో సర్ది చెకిన్ లగేజీగా వెయ్యండి. 50 పౌన్లు మించకూడదు. డ్రై ఐస్ పెడితే మనిషికి 5.5 పౌన్లే పరిమితి, విమానసంస్థకి ముందే చెప్పాలి. గట్టిగా గడ్డకట్టిన చేపకి జెల్ ప్యాకులు చాలు.

ఈ చేపని అమ్మడం నేరం. పంచిపెట్టడం మీ ఇష్టం. అమ్మావాళ్ళ సూట్‌కేసులో ఇండియాకి పంపుదామనే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. అంత ప్రయాణంలో చేప నిలవదు, అక్కడ కస్టమ్స్‌తో తలనొప్పి.

వండేటప్పుడు ఒక జాగ్రత్త. ప్యాకెట్‌ని అలాగే కరగనివ్వకండి. గాలి లేని ప్యాకెట్‌లో కరిగిన చేపలో విషం పుట్టించే సూక్ష్మజీవి పెరిగే ప్రమాదముంది. ముందు రాత్రి ప్యాకెట్ కోసి, ముక్కలు గిన్నెలోకి మార్చి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. హాలిబట్‌లో కొవ్వు తక్కువ, ఎక్కువసేపు పొయ్యి మీద ఉంటే చెక్కలా అవుతుంది. వేపుడైతే కారం, పసుపు, ఉప్పు, నిమ్మరసం పట్టించి పావుగంట ఉంచి, అంగుళం మందం ముక్కని ఒక్కో వైపు నాలుగు నిమిషాలు వేయించండి, చాలు. సాల్మన్ తలలకి చింతపండు పులుసు ముందు బాగా మరగనిచ్చి, ముక్కలు ఆఖర్న వెయ్యండి. గరిట పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పండి.